తొమ్మిది వందల పన్నెండు సీసాలు

డాక్టర్ కిషన్ రావు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వస్తుంటేనే కళావతికి ఏదో జరిగిందని అర్థమైంది. యాభై ఐదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులవాడు. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఆ కంప్యూటర్ కేంద్రానికి నెలకోసారి వచ్చినా కిందే కారులో కూర్చుని, కాగితాలు తెప్పించుకుని వెళ్లేవాడు. ఆ గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆయనే పైకి వచ్చాడు. చెప్పులు బయట విడవాలన్న సంగతి కూడా మరిచిపోయాడు.

అది 1987 డిసెంబరు. కిషన్ రావు కంటి డాక్టరు. ఆయన నడిపే సమితి ఆ చలికాలంలో జిల్లా అంతటా కంటి శిబిరాలు పెట్టింది. రెండు నెలల్లో అరవై శిబిరాలు, పదకొండు వేల మంది. శుక్లాలు తీయించుకున్నవాళ్లు కొందరు, ఊరికే కళ్లు మండుతున్నాయని వచ్చినవాళ్లు కొందరు. అందరి పేర్లూ, ఊర్లూ, వాళ్లకిచ్చిన మందులూ ఈ కేంద్రంలోని యంత్రంలోకి ఎక్కించారు. ఆ పని చూసింది కళావతే.

"రాజేశ్వర్ రావు గారూ," అన్నాడు డాక్టరు, కేంద్రం అధికారి గదిలోకి వస్తూనే. "నిన్న మాపటినుంచి ఆరుగురొచ్చిన్రు దవాఖానకు. ఆరుగురికీ కంట్ల చీము. మేమిచ్చిన చుక్కల మందు సీసాలే చేతుల పట్టుకొని వచ్చిన్రు. నాలుగు సీసాల మీద తయారీ నంబరు కనబడ్డది. నాలుగింటి మీదా ఒక్కటే నంబరు."

రాజేశ్వర్ రావు కుర్చీలోంచి లేచాడు. "అంటే మందులోనే..."

"మందు ఖరాబైంది. ఆ ఒక్క తయారీ మాత్రమే. మిగతా రెండు నంబర్లవి మంచిగున్నయి, పొద్దుగాల మైక్రోస్కోపు కింద నేనే చూసిన. ఆ ఖరాబు సీసాలు ఎవరెవరి ఇండ్లల్ల ఉన్నయో నాకు పేరు, ఊరు కావాలె. ఇయ్యాలనే కావాలె. వాళ్లు రోజుకు నాలుగుసార్లు పోసుకుంటరు."

"రేడియోల చెప్పిస్తే కాదా సార్?" అని అడిగింది కళావతి గుమ్మం దగ్గరనుంచి.

"చెప్పిస్తాన్న అమ్మా. సాయంత్రం వార్తల్ల చెప్తమన్నరు. ఎందరు వింటరు? విన్నోళ్లు మంచి మందు గూడ ఆపుతరు. కోసిన కంటికి రోజుల తరబడి మందు ఆపితే అదింకో గండం. నాకు లిస్టు కావాలె. జీపులు నాలుగు నిలబెట్టిన, మోటర్ సైకిళ్ల మీద పోయేటందుకు పదిమంది పిల్లలున్నరు. ఎటు పొమ్మని చెప్పాలె వాళ్లకు?"

శిబిరాల రిజిస్టర్లు పోయిన వారమే హైదరాబాదులోని పెద్దాఫీసుకు పార్సెల్ అయ్యాయి. అవి ఇప్పుడు చేతికి రావాలంటే రెండు రోజులు. పేర్లన్నీ ఉన్నది ఇక్కడ, అద్దాల గదిలో, చల్లగాలి యంత్రం కింద ఉన్న ఆ బూడిదరంగు పెట్టెలోనే.

కళావతి లోపలికి వెళ్లి కూర్చుంది. ఆమెకు ఇరవై ఆరేళ్లు. వరంగల్‌లో వాళ్ల నాన్నకు గిన్నెల దుకాణం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఆరు నెలలు ఈ పని నేర్చుకుని వచ్చింది. యంత్రంతో పాటు కంపెనీవాళ్లు ఇచ్చిన అయిదు లావుపాటి పుస్తకాలను ఆ కేంద్రంలో ఆమె తప్ప ఎవరూ విప్పలేదు. ఆమె మటుకు ముట్టుకోవద్దని రాసి ఉన్న పేజీలు కూడా చదివింది.

యంత్రాన్ని లోపలినుంచి నడిపించే వ్యవస్థ యూనిక్స్. శిబిరాల ప్రోగ్రాం రాసిచ్చింది హైదరాబాదు కంపెనీ. అది ఎట్లా రాశారో చూపించలేదు, నడిపించుకోవడానికి మాత్రమే ఇచ్చారు. కళావతి అందులో మందు నంబరు కొట్టి, జాబితా అడిగింది. ఆ నంబరుతో పంచిన సీసాలు తొమ్మిది వందల పన్నెండని కాసేపటికే తెర మీద పడింది. అక్కడినుంచి ఒక్కొక్క సీసాకు మనిషి పేరూ ఊరూ వెతకడం మొదలైంది. అప్పుడు గడియారంలో పది.

అద్దం తలుపు అవతల సమ్మమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. కేంద్రం ఊడ్చి, నీళ్లు పట్టి, చాయ్ తెచ్చే మనిషి. రోజూ మడికొండ నుంచి బస్సులో వస్తుంది. డాక్టరు మాటలు ఆమె చెవిన పడ్డాయి.

"బిడ్డా," అంది సమ్మమ్మ, కళావతి బయటికి రాగానే, "మా ఇంటాయన కంట్ల గూడ గా మందే పోత్తాన్న గదా. మా ఊర్ల పెట్టిన క్యాంపుల ఇచ్చిన్రు."

సమ్మమ్మ భర్త నర్సయ్యను శిబిరానికి తీసుకుపొమ్మని రెండు వారాలు పోరు పెట్టింది కళావతే.

"కన్ను ఎట్లుంది అవ్వా ఆయనకు?"

"నిన్న కొద్దిగ ఎర్రగైందన్నడు. చలికేమో అనుకున్న."

డాక్టరు ఆ మాట విన్నాడు. "నువ్వు ఇప్పుడే పోయి ఆ సీసా పట్టుకరా. మందు మాత్రం పొయ్యకు. ఒక పూట ఆపితే ఏం కాదు."

సమ్మమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు చుట్టి మెట్లు దిగింది. ఆమె తిరిగి వచ్చేసరికి పదకొండయింది. సీసా కాగితంలో చుట్టి తెచ్చింది. డాక్టరు దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మందు చల్లగుండాలని సమ్మమ్మ దాన్ని మట్టికుండ పక్కన తడిగుడ్డలో పెట్టేది. సీసా మీది కాగితం నాని, నంబరు ఉండాల్సిన చోట నీలి మరక మిగిలింది.

"అందరియీ ఇట్లనే ఉంటయి," అన్నాడు డాక్టరు నీరసంగా. "చల్లగ పెట్టుమని మేమే చెప్పినం."

కళావతి తెర వైపు చూసింది. గంటసేపట్లో యంత్రం వెతికి పట్టింది ముప్పై ఒక్క పేర్లు. ఆమె మనసులోనే లెక్క వేసింది. సీసాకు రెండు నిమిషాలు. తొమ్మిది వందల పన్నెండు సీసాలకు ముప్పై గంటలు. అంటే రేపు సాయంత్రం నాలుగు. అప్పటికి ఒక్కొక్క కంట్లో మరో అయిదారుసార్లు ఆ మందు పడుతుంది. పోనీ ఆ ముప్పై ఒక్క పేర్లయినా ముందు ఇద్దామంటే, ప్రోగ్రాం అంతా అయ్యాకే జాబితాను బయటపెడుతుంది. నడుమ ఆపితే ఏమీ మిగలదు. పైగా రోజూ మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుంది, రెండు గంటల సేపు. బ్యాటరీ పది నిమిషాలు నిలబెడుతుంది, అంతే. రేపు సాయంత్రం అన్న మాటే వట్టిది. ఈ పద్ధతిలో జాబితా ఎన్నటికీ రాదు.

ఆమె స్వెట్టర్ విప్పి పక్కన పడేసింది. ఆ గదిలో చలికి రోజంతా దాన్ని విప్పని మనిషి.

ఎందుకింత ఆలస్యం? డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది, లోపల గరగరా చప్పుడు. యంత్రం తన లెక్కలు తానే చూపించే ఆదేశం ఒకటి ఉంది. కళావతి ఇంకో తెర మీద దాన్ని నడిపింది. వంద సార్లు చదివితే మెమరీలో దొరుకుతున్నది నాలుగు సార్లే. మిగతా తొంభై ఆరుసార్లు డిస్కు దాకా పోవాల్సి వస్తున్నది. ఆ కిందే మరో అంకె ఉంది. ఎవరూ వాడుకోకుండా ఖాళీగా ఉన్న మెమరీ. దాదాపు మూడు మెగాబైట్లు.

ఆ అంకె ఆమెకు కొత్త కాదు. జూలైలో హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి, ఇంకెవరో వద్దన్న మెమరీ బోర్డు ఒకటి బిగించి, రాజేశ్వర్ రావు చేత సంతకం పెట్టించుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. ఒక మెగాబైటు నాలుగైంది. ఆనాటినుంచి రోజూ పొద్దున యంత్రం లేచేటప్పుడు ఆ సంగతి తెర మీద చెబుతూనే ఉంది. నాలుగు మెగాబైట్లు ఉన్నాయి, డిస్కు నుంచి చదివినవి దాచుకోవడానికి అందులో నూట ఇరవై ఎనిమిది కిలోబైట్లు కేటాయించాను అని. అయిదు నెలలు ఆ వాక్యాన్ని ఆమె చాయ్ తాగుతూ చదివింది.

ఆమె అయిదు పుస్తకాల్లో మూడోది తీసింది. తొందరలో పేజీ రెండుసార్లు దాటిపోయింది. దొరికింది. దాచుకునే జాగా ఎంతో చెప్పే అంకె ఒకటే. దాన్ని మార్చి, వ్యవస్థను మళ్లీ కూర్చి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాలి.

పుస్తకం చేత పట్టుకునే రాజేశ్వర్ రావు గదిలోకి వెళ్లింది.

"సార్, ఇది రేపటికి గూడ కాదు," అంది. "పేర్ల ఫైలు పదమూడు లక్షల అక్షరాలుంటది. ఒక్కొక్క సీసాకు మిషన్ ఆ ఫైలును మొదటినుంచి డిస్కు మీద చదువుతాంది. చదివింది దాచుకునే జాగ లేక పారేసి, మళ్ల సీసాకు మళ్ల మొదటినుంచి చదువుతాంది. కని జాగ ఉంది సార్. మస్తు ఉంది. దాన్ని వాడుకొమ్మని మనం చెప్పలే."

"నాకు సమజయ్యేటట్టు చెప్పమ్మా," అన్నాడు డాక్టరు.

"మీ దవాఖానల చిట్టీలు రాసేటాయనకు పెద్ద బల్ల ఇచ్చిన్రనుకోండి సార్. ఆయన పాత అలవాటుకొద్దీ ఓ మూలనే కూసోని, ఒక్కొక్క పేజీ బీరువలకెళ్లి తెచ్చుకొని, చూసి, మళ్ల పోయి పెట్టొస్తాండు. పుస్తకమంత బల్ల మీద పరుసుకోవచ్చని ఆయనకు ఎవ్వరూ చెప్పలే. ఇప్పుడు చెప్పాలె."

"చెప్తే ఎంతసేపట్ల అయితది?"

"గంట పట్టచ్చు. నాకు నిక్కచ్చిగ తెల్వదు సార్."

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏ కాగితమైనా మూడుసార్లు చదివి గాని సంతకం పెట్టని మనిషి. "కళావతీ, లోపలి వ్యవస్థను ముట్టద్దని కంపెనీవాళ్లు రాసిచ్చిన్రు గదా. అది లేవకపోతే ఏం చేస్తవు? కిందటిసారి ఇంజనీరు రానీకి నాలుగొద్దులు పట్టింది. ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఆపి, రేపు అసలే లేకుంట చేసుకుంటె?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ భయం ఆమెకూ ఉంది.

"పాత వ్యవస్థను వేరే పేరుతోని అట్లనే ఉంచుత సార్. కొత్తది లేవకపోతే పాతదాన్ని లేపుకోవచ్చు. పుస్తకంల ఉంది."

"ఎప్పుడన్న చేసినవా?"

"చెయ్యలే సార్."

గుమ్మం దగ్గర సమ్మమ్మ ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఈ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. ఎవరు మాట్లాడితే వాళ్ల ముఖం వైపు చూస్తున్నది.

"చెయ్యనియ్యండి," అన్నాడు చివరికి డాక్టరు. "నా పేరు రాసుకోండి. డాక్టరు చెప్తే చేసినమని రాసుకోండి."

రాజేశ్వర్ రావు రాసుకోలేదు. "చెయ్యి," అన్నాడు, అంతే.

కొత్త వ్యవస్థ కూర్చడం పాత వెతుకులాట నడుస్తుండగానే అయిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది. పదకొండూ నలభైకి యంత్రాన్ని ఆపాల్సి వచ్చింది. అప్పటికి తెర మీద యాభై రెండు పేర్లు దొరికినట్టు ఉంది. ఆ యాభై ఇద్దరూ ఎవరో, ఏ ఊరివాళ్లో యంత్రానికి మాత్రమే తెలుసు. కళావతి ఆ అంకెను ఇంకోసారి చూసింది. తర్వాత ఆపేసింది. డిస్కు గరగర ఆగింది. గదిలో చల్లగాలి యంత్రం చప్పుడు ఒక్కటే మిగిలింది.

మళ్లీ లేపింది. వాక్యాలు ఒక్కొక్కటీ తెర మీద పడ్డాయి. నాలుగు మెగాబైట్లు. దాచుకునే జాగా మూడు మెగాబైట్లు. ఆ అంకె చూసి ఆమె ఊపిరి వదిలేలోపే కింద ఇంకో వాక్యం పడింది. చోటు చాలడం లేదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఆశకు పోయింది తను. ఖాళీగా ఉన్నదంతా పుస్తకం పరుచుకోవడానికే ఇచ్చేస్తే, తక్కిన పనులు ఎక్కడ కూర్చోవాలి? ప్రోగ్రాములకు చోటు కావాలన్న సంగతి అదే పేజీ అడుగున సన్న అక్షరాల్లో ఉంది. తొందరలో అంతదాకా చదవలేదు.

"ఏమైంది?" రాజేశ్వర్ రావు అద్దానికి అవతల నిలబడి అడుగుతున్నాడు. గొంతు వినిపించడం లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఆమె తలుపు తెరిచింది. "నేనే తప్పు జేసిన సార్. ఎక్కువ ఇచ్చిన. పాతది లేపుతాన్న."

ఆయన తల ఊపి పక్కకు జరిగాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

పాత వ్యవస్థ లేచింది గానీ వెంటనే పనిలోకి రాలేదు. యంత్రం సరిగా ఆగకుండా పడిపోయింది కాబట్టి డిస్కు మీదున్నవన్నీ సరిచూసుకుంటానంది. ఒక అంచె, రెండో అంచె, మూడో అంచె. కళావతి కుర్చీ అంచున కూర్చుని, ఒళ్లో చేతులు బిగబట్టుకుని చూసింది. పేర్ల ఫైలు దెబ్బతింటే? పదకొండు వేల పేర్లు, రెండు నెలల పాటు తను కళ్లు నొప్పులు పుట్టేలా సరిచూసినవి. అయిదో అంచె దాటేసరికి పన్నెండూ పది అయింది. ఫైలు ఉంది. అన్ని అక్షరాలూ ఉన్నాయి. ఆమె యంత్రం చేత రెండుసార్లు లెక్కపెట్టించింది.

ఇప్పుడు మళ్లీ అడగాలి. అదే ఆ రోజున అన్నిటికంటే కష్టమైన పనయింది.

"సార్, రెండు మెగాబైట్లు పెడత. ఫైలు ఒకటింబావు ఉంటది. సరిపోతది. ప్రోగ్రాములకు గూడ జాగ ఉంటది. ఈసారి పేజీ మొత్తం చదివిన."

రాజేశ్వర్ రావు గడియారం చూశాడు. డాక్టరు వైపు చూశాడు. అప్పుడే కిందనుంచి ఒక కుర్రాడు ఎక్కి వచ్చి, దవాఖానకు ఇంకో ముగ్గురు వచ్చారని చెప్పి వెళ్లాడు. డాక్టరు కళ్లు మూసుకున్నాడు.

"రెండింటికి కరెంటు పోతది," అన్నాడు రాజేశ్వర్ రావు. "నువ్వు గంటల అయితదంటున్నవు. ఇప్పుడు మొదలుపెడితే మిషన్ లేచేటాల్లకే ఒంటిగంట. నువ్వు చెయ్యి. నేను సబ్‌స్టేషన్‌కు పోతాన్న."

"మీరెందుకు సార్?"

"ఫోన్ల చెప్తె వింటరా? ఎదురుంగ నిలబడితె వింటరేమో." ఆయన ఎండకు గొడుగు కూడా తీసుకోకుండా దిగి వెళ్లిపోయాడు. మూడేళ్లలో ఆయన పని వేళల్లో ఆఫీసు వదిలి బయటికి పోవడం కళావతి చూడలేదు.

పన్నెండూ యాభైకి యంత్రం కొత్త వ్యవస్థతో లేచింది. నాలుగు మెగాబైట్లు. దాచుకునే జాగా రెండు. ఆమె కళ్లు చిట్లించుకుని కింద పడబోయే వాక్యం కోసం చూసింది. చోటు చాలడం లేదన్న మాట రాలేదు. లోపలికి వచ్చేది ఎవరని యంత్రం పేరు అడిగింది, రోజూ అడిగినట్టే.

ప్రోగ్రాం మొదలైంది. మొదటి సీసాకు డిస్కు గరగరలాడింది. ఎప్పటిలాగే దీపం ఆరకుండా వెలిగింది. నిమిషం గడిచింది. నిమిషమున్నర. ఏమీ మారలేదా? రెండో నిమిషం దగ్గర పడుతుండగా ఒకటి అన్న అంకె పడింది.

తర్వాత దీపం ఆరిపోయింది.

ఆగిపోయిందనుకుంది. కుర్చీలోంచి సగం లేచింది. అంతలో తెర మీద రెండు అని వచ్చింది. దీపం వెలగనే లేదు. మూడు. నాలుగు. ఒక్కొక్కటీ నాలుగు సెకన్లకు. ఆమె గోడ గడియారంలో ముల్లు చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి పదిహేను. డిస్కు చప్పుడే లేదు. పేర్లన్నీ ఇప్పుడు లోపలే పరుచుకుని ఉన్నాయి.

"పోతాందా?" అన్నాడు డాక్టరు గుసగుసగా.

"పోతాంది సార్." ఇంకో రెండు అంకెలు పడ్డాక మళ్లీ చెప్పింది. "పోతాంది."

కానీ నెమ్మదించే వీలు లేదు. తొమ్మిది వందల పన్నెండు సీసాలు, నిమిషానికి పదిహేను. గంటకు ఒక నిమిషం ఎక్కువే. ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు మొదలైంది. రెండు కొట్టేముందు అయిపోవాలి, అంతా అనుకున్నట్టే సాగితే. ఆ తర్వాత జాబితాను ఊళ్లవారీగా పేర్చి అచ్చు వేయడానికి మరో పది నిమిషాలు. మెమరీలో ఉన్నదేదీ కరెంటు పోతే నిలవదు. ఎంత త్వరగా దొరుకుతున్నదో అంత త్వరగా పోతుంది. డిస్కు మీద రాసుకునేదాకా అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

ఆ గంట ఎట్లా గడిచిందో ఆమెకు తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ముక్కలు ముక్కలుగానే గుర్తొచ్చేది. మూడు వందలు దాటినప్పుడు గదిలో దీపం ఒక్కసారి మినుకుమంటే తను అమ్మా అని అరవడం. ఆరు వందల దగ్గర సమ్మమ్మ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టబోతే, ఒలుకుతుందేమోనని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేయడం. డాక్టరు గోడకున్న జిల్లా పటం ముందు నిలబడి ఏ జీపు ఏ దారిన పోవాలో పెన్సిలుతో గీయడం, చెరపడం, మళ్లీ గీయడం.

రెండింటికి మూడు నిమిషాలుండగా తొమ్మిది వందల పన్నెండు పడింది. డిస్కు మీద రాస్తున్నానంది యంత్రం. రాసింది. కళావతి అచ్చు యంత్రాన్ని కదిలించింది. అది కీచుమంటూ మొదటి ఊరి పేరు కొట్టింది. రెండయింది. దీపాలు పోలేదు. రెండూ అయిదు. పోలేదు. కాగితం మడతలు మడతలుగా కింద పడుతుంటే డాక్టరు వంగి ఊరికో ముక్క చించి కుర్రాళ్లకు అందిస్తున్నాడు. కేసముద్రం వైపు జీపు రెండూ ఏడుకు కదిలింది.

రెండూ పదిహేనుకు కరెంటు పోయింది. అప్పటికి ఆఖరి పేజీ వచ్చి నాలుగు నిమిషాలయింది. రాజేశ్వర్ రావు చొక్కా చెమటతో తడిసి తిరిగి వచ్చాడు. "సబ్‌స్టేషనాయన పావుగంట కంటె ఎక్కువ ఆపలేనన్నడు," అని సంజాయిషీలా చెప్పాడు, కింద పడి ఉన్న కాగితపు అంచులు చూస్తూ.

సమ్మమ్మ అప్పటికీ గుమ్మం దగ్గరే ఉంది. కళావతి మడికొండ ముక్క చేతిలోకి తీసుకుంది. పద్నాలుగు పేర్లు. పదకొండో పేరు నర్సయ్య.

"ఉందా బిడ్డా?"

"ఉంది అవ్వా."

సమ్మమ్మ ఏడవలేదు. సీసాను బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది, దాన్ని ముట్టుకున్నందుకు అన్నట్టు. డాక్టరు ఆమెను తన కారులోనే ఎక్కించుకుని మడికొండకు తీసుకుపోయాడు. నర్సయ్యను ఆ సాయంత్రమే దవాఖానలో చేర్చారు. పదిహేను రోజులున్నాడు. కన్ను నిలిచింది. ముందున్నంత చూపు రాలేదు గానీ, బస్సు మీది బోర్డు చదవలేకపోయినా బస్సు వస్తున్నదని తెలిసేంత నిలిచింది.

ఆ రాత్రికి ఆరు వందల ఎనభై సీసాలు వెనక్కు వచ్చాయి. మర్నాడు పొద్దుగూకేసరికి తొమ్మిది వందలకు కొద్దిగా తక్కువ. కొందరు ఊళ్లో లేరు, పత్తి ఏరడానికి పోయారు. కొందరి పేర్లు తప్పు పడ్డాయి. మొత్తం మీద ఇరవై ముగ్గురికి చీము పట్టింది. అయిదుగురికి కన్ను పోయింది. అయిదుగురేనా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాజేశ్వర్ రావు కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశాడు. అందులో యంత్రంలో మార్పు తన ఉత్తర్వు మీదే జరిగిందని ఉంది. కళావతి చూసి, అట్లా రాయకండి సార్ అంటే, "టైపు అయిపోయిందమ్మా," అన్నాడు.

కళావతికి మటుకు నిద్ర పట్టడం లేదు. అయిదుగురి పేర్లూ ఆమెకు నోటికి వచ్చు. జనవరిలో ఒక ఆదివారం ఆమె కేసముద్రం బండెక్కింది. అయిదుగురిలో ఒకామె, మొగిలమ్మ, అక్కడికి రెండు మైళ్ల దూరంలో ఒక పల్లెలో ఉంటుంది. ఎందుకు పోతున్నదో ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి తనకే తెలియదు.

మొగిలమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్నది. ఎడమ కంటి మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. కుడి కంట్లో శుక్లం. ఎవరో వచ్చారని చప్పుడును బట్టి తెలుసుకుని తల ఎత్తింది.

"కంప్యూటర్ ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమ్మా. ఆ లిస్టు తీసింది నేనే."

"గా జీపుల పిల్లలు తెచ్చిన కాయితమా?"

"ఔ పెద్దమ్మా."

"వాళ్లు వచ్చేటాల్లకు పొద్దుగూకవట్టింది. గా రెండొద్దులసంది నెప్పి పెడతాంటే ఇంకింత ఎక్కువ పోసుకున్న నేను. మందు గదా, మంచిగైతదనుకున్న."

కళావతి అరుగు మీద కూర్చుంది. "పెద్దమ్మా, ఆ లిస్టు మొదలుపెట్టిన గంటకే రావాలె. దానికి కావలసిందంత జూలైనుంచి మా దగ్గర్నే ఉంది. నేను రోజూ చూసిన. వాడుకోవాలెనని తోచలే. తోచి ఉంటే నీ దగ్గరికి పగటీలికే, ఎండ నడినెత్తి మీదున్నప్పుడే వచ్చేటోళ్లు."

మొగిలమ్మ చేట పక్కన పెట్టింది. పిట్ట ఒకటి వచ్చి కందులు ఏరుకుపోయింది, ఆమెకు కనబడలేదు.

"పగటీలికొస్తె కన్ను ఉండునా?" అంది చివరికి.

"తెల్వదు పెద్దమ్మా. డాక్టరును అడిగిన. చెప్పలేమన్నడు."

"మరి నీకు తెల్వంది, డాక్టరుకు తెల్వంది, నేనేం చెప్పాలె?" కోపం లేదు ఆ గొంతులో, ఓదార్పూ లేదు. "గది ఇడిసిపెట్టు. నన్ను ఇంకోటి అడగనియ్యి. ఈ కుడి కన్ను కోస్తరట, ఫిబ్రవరిల రమ్మన్నరు. నా కొడుకు వద్దంటాండు. ఉన్న మసక గూడ పోతదంటాండు. నువ్వు సదువుకున్నదానివి, చెప్పు. ఇయ్యాల్నా ఈ కన్ను వాళ్లకు?"

ఔనంటే? కాదంటే? యంత్రం ముందు కూర్చున్న రోజున భయమేసింది గానీ, అప్పుడు చేతికింద పుస్తకం ఒకటి ఉంది, తప్పయితే వెనక్కు పోవడానికి పాతది ఒకటి ఉంది.

"నేను చెప్పలేను పెద్దమ్మా," అంది. "నువ్వు పోతనంటె మాత్రం నేను తోడొస్త. మందు నేనే చూసి తీసుకుంట."

"ఎన్నొద్దులుంటవు?"

"నువ్వు ఎన్నొద్దులుంటె అన్నొద్దులు."

మొగిలమ్మ చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "అయితె చూద్దాం," అంది.

ఫిబ్రవరి పదకొండున కళావతి సెలవు పెట్టి దవాఖాన వసారాలో బల్ల మీద కూర్చుంది. మొగిలమ్మను లోపలికి తీసుకుపోయి అరగంటయింది. ఆమె చీరల సంచి కళావతి ఒళ్లో ఉంది. పక్కన కొడుకు గోడకు ఆనుకుని నిలబడి, ప్రతి రెండు నిమిషాలకూ ఎంతసేపయిందని అడుగుతున్నాడు. కళావతి గడియారం చూసి చెబుతున్నది, మళ్లీ అడిగితే మళ్లీ చెబుతున్నది.

తలుపు తెరుచుకుంది. నర్సు తల బయట పెట్టి, మొగిలమ్మ తాలూకు ఎవరని అడిగింది. ఇద్దరూ ఒకేసారి లేచారు.